సాక్ష్యాల వేళ లేచి నిలబడనివాళ్ల గురించి: పల్లె సంఘాల కాపరులకు, పెద్దలకు బహిరంగ లేఖ

ప్రకాశం జిల్లా పల్లె సంఘాల పాస్టరుగార్లకు, అమ్మగార్లకు, డీకన్లకు, సంఘ పెద్దలకు,

ప్రభువైన యేసుక్రీస్తు నామంలో మీకు నా వందనాలు.

నేను ముప్పై ఏళ్లకు పైగా పల్లెబడుల్లో పిల్లలకు అక్షరాలు దిద్దించి రిటైరైనదాన్ని. పుట్టిందీ పెరిగిందీ బాప్టిస్టు ఇంట్లో. మా తాత, మా నాన్న, మా అన్న ముగ్గురూ డీకన్లుగా, అంటే సంఘ పరిచారకులుగా చేశారు. గుడి ఊడ్చి చాపలు పరవడం దగ్గర్నుంచి స్త్రీల సమాజం లెక్కలు రాయడం దాకా సంఘంలో నేను చెయ్యని పని లేదు. అందుకని నన్ను బయట నిలబడి రాళ్లు వేసే మనిషిగా చూడకండి. ఏ ఒక్క సంఘాన్నీ, ఏ ఒక్క పాస్టరుగారినీ వేలెత్తి చూపడానికీ ఈ ఉత్తరం రాయడం లేదు. కొన్నేళ్లుగా లోపల పెట్టుకున్న మాట ఒకటి ఉంది. మనం దేవునికి కృతజ్ఞత చెప్పే తీరులో పోగొట్టుకున్నవాళ్లకు చోటు లేకుండా పోయింది. అదీ ఆ మాట.

2021 ఏప్రిల్ చివర్లో మావారికీ నాకూ కరోనా వచ్చింది. నాకు తగ్గింది. ఆయన మే రెండో వారంలో ఒంగోలు ఆసుపత్రిలో పోయారు. చివరిసారి మాట్లాడిన రోజు, ఆ వార్డులో పనిచేసే కుర్రాడెవరో ఫోను ఆయన చెవి దగ్గర పట్టుకున్నాడు. మాస్కు లోంచి మాట సరిగా రాలేదు. "స్తోత్రం చెప్పుకున్నాను. నువ్వు అన్నం తిన్నావా?" అన్నారు. అంతే.

తర్వాత కొన్ని వారాలకు ఆరాధనలు మళ్లీ మొదలయ్యాయి. సాక్ష్యాల సమయంలో, అంటే దేవుడు చేసిన మేలు ఒక్కొక్కరే లేచి చెప్పుకునే వేళ, ఒక తమ్ముడు లేచాడు. "మన వీధిలో నలుగురు పోయారు. మా గడప మాత్రం దాటనివ్వలేదు దేవుడు. మేము ఉపవాసం ఉండి, విశ్వాసంతో ప్రార్థించాము. మా ఇంట్లో ఒక్క వెంట్రుక కూడా రాలలేదు, దేవునికి స్తోత్రం" అన్నాడు. గుడి అంతా "ఆమెన్" అంది. అలవాటు కొద్దీ నా నోట కూడా వచ్చేసింది. ఆ నలుగురిలో ఒకరు మావారు.

ఆ తమ్ముడి మీద నాకు అప్పుడూ కోపం లేదు, ఇప్పుడూ లేదు. అతను నన్ను దృష్టిలో పెట్టుకుని ఆ మాట అనలేదు. చిన్నప్పటి నుంచీ విన్న సాక్ష్యాల పద్ధతే అది, దాన్నే అతనూ పట్టుకున్నాడు. ఇంటికొచ్చి బీరువా ముందు కూర్చుని ఆయన చొక్కాలు మడతపెడుతుంటే మాత్రం ఒకటే ప్రశ్న తిరిగింది. అయితే మావారి ప్రార్థన చాలలేదా? ఆ ప్రశ్న నాకు దేవుడు వెయ్యలేదు, సైతానూ వెయ్యలేదు. సంఘంలో కృతజ్ఞతగా చెప్పిన ఒక మాట వేసింది.

ఇంకో రెండు నెలలకు, ధైర్యం చేసుకుని, నేనూ సాక్ష్యం చెబుతానని ఒక పెద్దాయన్ని అడిగాను. ఆయన మంచి మనసుతోనే, "టీచరమ్మా, మీరింకా దుఃఖంలో ఉన్నారు, తర్వాత చెబుదురుగానీ" అన్నారు. ఆ "తర్వాత" అనేది ఇంతవరకు రాలేదు. నేను మళ్లీ అడగలేదు, ఎవరూ పిలవలేదు. దుఃఖంలో ఉన్న మనిషి దగ్గర కృతజ్ఞత ఏముంటుందని అనుకున్నట్టున్నారు.

ఉంది, అయ్యా. ఏముందో ఇక్కడ చెబుతాను.

ఆ రాత్రి ఆయనకు ఊపిరి అందనప్పుడు మా ఊళ్లో ఒక్క బండీ రాలేదు. పక్కూరి ఆటో అబ్బాయి వచ్చాడు. మూతికి తువ్వాలు చుట్టుకుని, ఆయన్ని తన చేతులతో ఎత్తి కూర్చోబెట్టి, ఒంగోలు దాకా దారి పొడుగునా వెనక్కి తిరిగి "బాబాయ్, నిద్రపోబాకు, బాబాయ్, వచ్చేశాం" అంటూనే ఉన్నాడు. డీజిలు డబ్బులు కూడా తీసుకోలేదు. నేను ఇంట్లో ఒక్కదాన్నే పడుకుని ఉన్న పద్నాలుగు రోజులూ మా ఎదురింటి చెల్లెమ్మ, ముస్లిముల ఆడపడుచు, రెండు పూటలా మా పిట్టగోడ మీద కారేజీ పెట్టేది. మూత ఊడకుండా చుట్టూ గళ్ల తువ్వాలు కట్టి, గేటు అవతల నిలబడి "అక్కా, వేడిమీద తిను" అని కేకేసి పోయేది. అవి రంజాను రోజులు. తను పగలంతా మంచినీళ్లు కూడా ముట్టకుండా నాకు అన్నం వండింది. ఒకరోజు కారేజీ విప్పితే చారన్నం, పక్కన ఒక ఖర్జూరపండు. ఆ పండు నోట్లో పెట్టుకుని నేను చేసిన స్తుతి నా జన్మలో ఇంకెప్పుడూ చెయ్యలేదు. మావారు పోయిన నాలుగో రోజు అది.

ఇది సాక్ష్యం కాదా?

అయ్యగారూ, మీరు వాక్యం చదివినవారు, మీకు నేను చెప్పేటంతదాన్ని కాదు. అయినా లూకా 18వ అధ్యాయం మళ్లీ ఒక్కసారి తెరవమని అడుగుతున్నాను. దేవాలయంలో నిలబడి "నీకు కృతజ్ఞతాస్తుతులు చెల్లించుచున్నాను" అన్నవాడు పరిసయ్యుడు, ధర్మశాస్త్రం తు.చ. తప్పకుండా పాటించే భక్తుడు. జనం పాపి అని చూసే పన్ను వసూలుదారు, సుంకరి, నోట ఆ మాటే రాలేదు, రొమ్ము కొట్టుకున్నాడు. నీతిమంతుడిగా ఇంటికి వెళ్లింది సుంకరి. అంటే ప్రభువు మెచ్చని కృతజ్ఞత కూడా ఒకటి ఉందన్నమాట. ఆ పరిసయ్యుడి స్తుతిలో తప్పెక్కడుందో నేను చాలా రోజులు ఆలోచించాను. అతను పక్కవాణ్ణి చూసి కొలుచుకున్నాడు. "ఈ సుంకరివలెనైనను ఉండనందుకు" అన్నాడు. మన సాక్ష్యాల్లో "మా పక్కింట్లో పోయారు, మా ఇంట్లో బతికారు", "అందరి పిల్లలూ ఫెయిలయ్యారు, మా వాడొక్కడే పాసయ్యాడు" అంటున్నప్పుడు ఆ కొలతబద్దే మన చేతిలోకి వస్తోంది. దేవుడు కాపాడినందుకు స్తోత్రం చెప్పాలి, తప్పకుండా చెప్పాలి. ఆ స్తోత్రానికి పక్కింటి పాడె ఎందుకు సాక్షిగా కావాలి?

"ప్రతి విషయమునందును కృతజ్ఞతాస్తుతులు చెల్లించుడి" అని పౌలు రాసిన వచనం మనకందరికీ కంఠస్థం. నేను తెలుగు వ్యాకరణం చెప్పి బతికినదాన్ని కాబట్టి విభక్తి దగ్గర ఆగుతాను. అక్కడున్నది "అందు", "కొరకు" కాదు. మావారి చావు కొరకు నన్ను స్తోత్రం చెప్పమని పౌలు అనలేదు. ఆ చావు రోజుల్లో కూడా స్తోత్రం చెప్పడానికి నాకేదో ఉంటుందన్నాడు, ఉంది కూడా. ఎఫెసీ పత్రికలో "సమస్తమునుగూర్చి" అని ఉంది కదా అని నన్నొక పెద్దాయన అడిగారు. నిజమే, ఉంది. ఆ పౌలే తన తోటి పనివాడు ఎపఫ్రొదితు జబ్బుపడి బతికినప్పుడు, తనకు "దుఃఖముమీద దుఃఖము" కలగకుండా దేవుడు కనికరించాడని ఫిలిప్పీయులకు రాశాడు. దుఃఖాన్ని దుఃఖమనే పిలిచాడు. చనిపోయి ఉంటే సంతోషించేవాణ్ణని రాయలేదు. కన్నీళ్లు పెట్టుకున్న మనిషితో "విశ్వాసి ఏడవకూడదు, స్తుతించాలి" అనే మాట మన సంఘాల్లో మానుకుంటే ఎంతో బాగుంటుంది. నాతో ఆ మాట సమాధి దగ్గరే అన్నారు.

ప్రతి నెలా మొదటి ఆదివారం రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ప్రభుబల్ల దగ్గర మీరు చదివే మాటలు నాకు ఇప్పుడు ఇంకోలా వినబడతాయి. ప్రభువు రొట్టె ఎత్తుకుని కృతజ్ఞతాస్తుతులు చెల్లించింది ఏ రాత్రి? తాను అప్పగింపబడిన రాత్రి. ఆయన్ని అప్పగించిన యూదా లెక్క చూసుకుంటున్నాడు. తెల్లారితే సిలువ. ఆ రాత్రి ఆయన చేతిలో ఉన్నది ఒక రొట్టె, దానికే స్తుతి చెల్లించాడు. మనకు కృతజ్ఞత నేర్పినవాడు పోగొట్టుకోబోతున్న రాత్రే అది నేర్పాడు.

మనది ఒంగోలు ప్రాంతం. మన పెద్దల కథ మనం మర్చిపోకూడదు. 1854 జనవరి 1 తెల్లవారుజామున అమెరికా బాప్టిస్టు మిషనరీ జూయెట్ దొరగారు, మరి కొద్దిమంది ఒంగోలు పక్కనున్న కొండెక్కి ప్రార్థన చేసినప్పుడు కింద కనబడే పల్లెల్లో వాళ్లకు చూపించడానికి ఫలం అంటూ ఏమీ లేదు. ఆ కొండను మనం ఇప్పటికీ ప్రార్థన కొండ అంటున్నాం. తర్వాత 1876 నుంచి 1878 దాకా కరువు వచ్చింది. దక్షిణ దేశమంతా లక్షలమంది పోయారు. ఒంగోలు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడు మైళ్ల పైచిలుకు కాంట్రాక్టు తీసుకుని, ఎండిపోయిన మనుషులకు మట్టిపని, కూలి ఇచ్చారు. కూటికోసం వచ్చారన్న మాట పడకూడదని ఆ కరువు రోజుల్లో ఎవరు అడిగినా బాప్తిస్మాలు ఇవ్వలేదు. కరువు పని అయిపోయాక, ఇంక పంచడానికి ఏమీ లేనప్పుడు జనం వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజునే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

ఆ లెక్కను మనం ప్రతి వార్షికోత్సవంలో గొప్పగా చెప్పుకుంటాం. ఆ ఏట్లో దిగినవాళ్లెవరో ఒక్కసారి ఆలోచించండి. కరువులో, దాని వెంట వచ్చిన రోగాల్లో ఇంట్లో మనుషుల్ని పూడ్చిపెట్టి వచ్చినవాళ్లు. భూమి లేనివాళ్లు, ఊరికి వెలుపల ఉంచినవాళ్లు, ఎక్కువమంది మాదిగ పల్లెలవాళ్లు. "మా ఇంట్లో ఒక్క వెంట్రుక రాలలేదు" అని చెప్పగలిగినవాళ్లు ఆ రోజు గుండ్లకమ్మ ఒడ్డున ఎంతమంది ఉండి ఉంటారు? మన జిల్లాలో సంఘం అనేది పోగొట్టుకున్నవాళ్ల స్తుతితోనే మొదలైంది.

మా నాయనమ్మ ఆ తరానికి మనవరాలు. ఆమె పొయ్యి పక్కన ఒక పిడత ఉండేది, మూతకు చిన్న చిప్ప. ఎసట్లో బియ్యం పోసే ముందు, కడిగిన చేత్తో కాదు, పొడి చేత్తో ఒక పిడికెడు వెనక్కి తీసి ఆ పిడతలో వేసేది. "స్తోత్రం తండ్రీ" అనేది, అంతకంటే పొడుగు ప్రార్థన వంటింట్లో చేసేది కాదు. ఆదివారం ఆ పిడత గుడికి వెళ్లేది. గుడిలో అందరి బియ్యం ఒకే గంపలో కలిసిపోయేవి. ఎవరి పిడికెడు ఏదో దేవుడికే తెలియాలి. వానలు పడని ఏడాది బియ్యం బదులు జొన్నలు పడేవి. ఒక రోజు నాకు బాగా గుర్తు, ఇంట్లో గంజే. నాయనమ్మ పిడత మూత తీసింది, లోపలికి చూసింది, "ఇయ్యాల లేదు తండ్రీ" అని మూత పెట్టేసింది. నేను, ఏడెనిమిదేళ్ల పిల్లను, "లేనప్పుడు మూత ఎందుకు తీశావు నాయనమ్మా" అని అడిగాను. "చెప్పాలిగదా" అంది.

లేదు అన్న మాట కూడా దేవుడితో మొహం చూసి చెప్పుకునే దగ్గరితనం ఆమెకుండేది. మన గుళ్లో ఇప్పుడు ఆ మాటకు చోటు లేదు. మిజోరం సంఘాల్లో ఆడవాళ్లు ఈ రోజుకీ వంట చేసే ప్రతిసారీ పిడికెడు బియ్యం తీసిపెడుతున్నారని, దాంతోనే ఎంతో సేవ జరుగుతోందని విన్నప్పుడల్లా నాకు మా పిడత గుర్తొస్తుంది. మన దగ్గర పిడత పోయి కవరు వచ్చింది. కవరు మీద పేరు, లోపల మొత్తం, మైకులో ప్రకటన. "ఫలానా వారు తమ కుమారునికి వీసా వచ్చినందుకు కృతజ్ఞతగా పదివేలు." వెనక చాప మీద కూర్చున్న పొగాకు కూలీ తల్లి చీరకొంగులో ముడేసుకున్న ఇరవై రూపాయల నోటు ఇంకొంచెం గట్టిగా ముడేసుకుంటుంది. నేను చూశాను కాబట్టి చెబుతున్నాను. సువార్తలో దేవాలయపు కానుకపెట్టెలో రెండు కాసులు వేసిన బీద విధవరాలి మొత్తాన్ని మైకులో చదివి ఉంటే ఆమె ఇంకోసారి ఆ దేవాలయానికి వచ్చేదా? ఆమె ఎంత వేసిందో ప్రభువు చెప్పింది శిష్యుల్ని దగ్గరకు పిలుచుకుని. పేరు మాత్రం ఆయన కూడా చెప్పలేదు.

పంట పండుగ గురించి. నాకు మన పండుగలన్నిటిలో ఇది ప్రాణం. గుడి ముందు గుమ్మడికాయలు, కంది మూటలు, కాళ్లు కట్టిన కోళ్లు, అరటి గెల, తాటాకు బుట్టలో గుడ్లు, ఆ వేలంపాట, పాడుకున్నవాళ్లు అదే గుమ్మడికాయను మళ్లీ దేవునికే ఇచ్చేసి రెండోసారి, మూడోసారి పాటకు పెట్టించడం, పిల్లల కేకలు. దాన్ని మానెయ్యమని ఎవరైనా అంటే నేనే అడ్డం పడతాను. అయితే, మిరపకు నల్ల తామర పురుగు పడ్డ ఏడాది గుర్తుందా? పూత మీదే చేలు పోయాయి. కౌలుకు చేసినవాళ్లు మందులు కొట్టి కొట్టి, అప్పు మిగిలి, చెట్లు పీకేశారు. ఆ ఏడాది కూడా "ఫలం తెచ్చినవారు ముందుకు రండి" అనే పిలిచాము. మా సంఘంలో ఒక రైతు, ప్రతి ఏడూ మొదటి కోత మిరపకాయలు తెచ్చేవాడు, ఆ రోజు తెల్ల చొక్కా వేసుకుని వచ్చి కూడా లోపలికి రాలేదు. వేపచెట్టు కింద నిలబడి ఉంటే నేను వెళ్లి పిలిచాను. "ఏముందక్కా తేవడానికి" అన్నాడు.

హబక్కూకు గ్రంథం మూడో అధ్యాయం మన బైబిల్లో ఉండగా ఆ మనిషి గుడి బయట నిలబడాల్సిన గతి ఎందుకు పట్టింది? "చేనిలోని పైరు పంటకు రాకపోయినను" అన్న ప్రవక్త మాట పంట పండుగ నాడు చదవడానికి రాసిందే కదా. ఆ రోజు మనం "పండనివాళ్లు కూడా రండి, వట్టి చేతులతో రండి, మీ చేను గురించి సంఘం ముందు చెప్పండి, మీకోసం ప్రార్థన చేస్తాం, ఈ వేలంలో వచ్చిన డబ్బులో మీ వాటా ఉంది" అని ఉంటే? ద్వితీయోపదేశకాండం 26లో ప్రథమ ఫలాల గంప తెచ్చినవాడు మొదట చెప్పుకోవాల్సింది పంట లెక్క కాదు, తన పితరుల కష్టం, ఐగుప్తు వెట్టి, పెట్టిన మొర. ఆ తర్వాత దేవాలయ సేవ చేసే లేవీయుడితో, పరదేశితో కలిసి సంతోషించాలి. మనం గంప ఉంచుకున్నాం, కష్టం చెప్పుకునే ముక్క వదిలేశాం.

ఇళ్లల్లో పెట్టే కృతజ్ఞత కూడికల సంగతి క్లుప్తంగా చెబుతాను. మా వీధిలో ఒక అమ్మాయి, బిడ్డకు జబ్బు తగ్గిందని కూడిక పెట్టడానికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చింది. షామియానా, సౌండు బాక్సులు, రెండొందల మందికి బిర్యానీ, సేవకులకు కానుకలు. "అందరూ పెడుతున్నారు పెద్దమ్మా, మేం పెట్టకపోతే దేవుడు చేసింది మర్చిపోయారంటారు" అంది. బిడ్డ బాగానే ఉంది, వడ్డీ ఇంకా కడుతున్నారు. లేవీయకాండం 7లో కృతజ్ఞతార్పణ మాంసం ఏ రోజుది ఆ రోజే తినాలని, తెల్లారేదాకా ఏమీ మిగల్చకూడదని ఉంది. ఒక్క ఇంటివాళ్లు ఒక్క రోజులో అంత తినలేరు, నలుగుర్ని పిలవాల్సిందే. పంచుకోవడానికి పెట్టిన ఏర్పాటు మన చేతిలో పడి పరువు లెక్క అయింది. దయచేసి మీరే ముందుండి, ఒక చాప, టీ, మరమరాలతో కూడిక పెట్టుకోవచ్చని పల్పిట్ మీద నుంచి చెప్పండి. పాస్టరుగారు చెబితే వింటారు. నేను చెబితే, చేతకాక చెబుతోందంటారు.

ఇంకొకటి. మేలు చేసిన మనుషుల పేర్లు మన స్తుతుల్లో మాయమవుతున్నాయి. "అంతా దేవుడే చేశాడు, మనుషులెవరూ చెయ్యలేదు" అంటే దేవుణ్ణి ఘనపరిచామనుకుంటాం. రోమా పత్రిక చివరి అధ్యాయంలో పౌలు ప్రిస్కిల్ల, అకుల పేర్లు రాసి, వాళ్లు తన ప్రాణం కోసం తమ ప్రాణాలు ఇవ్వడానికైనా తెగించారని, తానొక్కడే కాదు అన్యజనుల సంఘాలన్నీ వాళ్లకు కృతజ్ఞులని చెప్పాడు. ఆ ఆటో అబ్బాయి గుడికి రాడు. ఎదురింటి చెల్లెమ్మది వేరే మతం. అందుకని వాళ్ల పేర్లు మన గుళ్లో పలకకూడదా? దేవుడు నాకు అన్నం పంపింది ఆ పిట్టగోడ మీద నుంచే.

నేను అడిగేవి మీ చేతిలో ఉన్నవే. కానుకల మొత్తాలు మైకులో చదవడం ఆపండి. లెక్క పుస్తకంలో రాయండి, ఆడిట్ చేయించండి, అది వేరే సంగతి. నెలలో ఒక్క ఆదివారమైనా సాక్ష్యాల సమయంలో, "ఈ నెల పోగొట్టుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే ముందు మీరు మాట్లాడండి" అని పిలవండి. వాళ్లు ఏడిస్తే ఏడవనివ్వండి, పాట ఎత్తుకుని కప్పెయ్యకండి. ఎవరైనా పక్కింటి చావుతో పోల్చి సాక్ష్యం చెబితే, తర్వాత పక్కకు పిలిచి నెమ్మదిగా చెప్పండి. పంట పండుగలో హబక్కూకు చదవండి.

సంక్రాంతి దాటాక మన సంఘంలో పంట పండుగ వస్తుంది. మా పెరట్లో పాదు కాసింది, నాలుగు సొరకాయలు తెస్తాను. వేపచెట్టు కింద నిలబడే తమ్ముణ్ణి ఈసారి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొస్తాను. ఎదురింటి చెల్లెమ్మను అడిగాను, వస్తానంది. ఆటో అబ్బాయికి ఫోన్ చెయ్యాలి. ఆ రోజు నాకు మైకు ముందు ఐదు నిమిషాలు ఇప్పించండి. వాళ్లిద్దరి పేర్లు చెప్పి, మావారి పేరు చెప్పి, స్తోత్రం చెప్పుకుని కూర్చుంటాను.

మీ ప్రార్థనలు కోరుకుంటూ,
ప్రభువునందు మీ సహోదరి,
పల్లెసంఘ సభ్యురాలు, ప్రకాశం జిల్లా